బండి దిగని దొర

వరంగల్ వెళ్ళొచ్చానని తెలిసిన దగ్గర్నుంచి ప్రతివాడూ అడుగుతున్నది ఒకటే. వేయిస్తంభాల గుడి చూశావా, కోట చూశావా, భద్రకాళి అమ్మవారిని చూశావా అని. ఏదీ చూడలేదు. నేను అంత దూరం వెళ్ళింది ఒక కోళ్ళగూడు చూడటానికి. ఆ గూటికి మూడు చక్రాలున్నాయి, వెనక ఇంజనుంది, ముందు ఒక లైటుంది. అది ఏ దేశపు బండో, ఎవరు చేసిందో చెప్పగలిగిన మనిషి ఆ ఊళ్ళో లేడని విన్నాను. చెప్పగలిగిన మనిషి బెజవాడలో ఉన్నాడు కదా అని బయల్దేరాను.

ఆ మనిషి నేనే. నాది మోటారు విడిభాగాల కొట్టు. కళ్ళకు గంతలు కట్టి సైలెన్సర్ చప్పుడు వినిపిస్తే చాలు, బండి పేరు చెప్తాను. ఇది గొప్పకు చెప్పుకోవడం కాదు. సరే, గొప్పకే అనుకోండి, ఉన్న గొప్ప చెప్పుకుంటే తప్పేమిటి?

తెనాలిలో నాకు సుబ్బారావని ఒక స్నేహితుడున్నాడు. రైసుమిల్లు ఉంది, పిచ్చి ఉంది. పాత కార్లు కొని మిల్లు వెనక షెడ్డులో వరసగా పెట్టుకుంటాడు. కొత్త స్కూటరుకి పేరు రాయించుకుని ఏళ్ళ తరబడి ఎదురుచూస్తున్న ఈ రోజుల్లో, నడవని కార్లకు డబ్బు పోసేవాడు మా వైపు వాడొక్కడే. వరంగల్ నుంచి జంపఖానాలు అమ్ముకోవడానికొచ్చిన ఒకతను మాటల్లో ఈ మూడు చక్రాల బండి సంగతి చెప్పాడు. కొత్తవాడలో ఒకరింట్లో ఉందనీ, వాళ్ళు అమ్మేస్తారట అనీ అన్నాడు. అంతే, మావాడికి నిద్ర పట్టలేదు. యుద్ధమయ్యాక జర్మనీలో విమానాలు చేసేవాళ్ళు పని లేక చిన్న బుడగలాంటి బండ్లు చేశారు. అదే అయితే అడిగినంత ఇచ్చేసి తోలుకురమ్మన్నాడు. కాకపోతే ఏమిటో తేల్చుకు రమ్మన్నాడు. పేరు తేల్చకుండా బెజవాడ స్టేషన్లో దిగనని పదిమంది ముందు అనేసి రైలెక్కాను.

డోర్నకల్: సగం గ్లాసు చాయ్

ప్యాసింజరు బండి. మే నెల. కిటికీ ఊచలు పట్టుకుంటే కాలుతున్నాయి. ఖమ్మం దాటేసరికి పెట్టెలో మాట మారింది. మనం 'వెళ్తున్నాడు' అనేది అక్కడ 'పోతాండు' అయింది, 'కొంచెం' కాస్తా 'జర' అయింది. నా ఎదురుగా కూర్చున్నావిడ నా సంచీ జరపమన్నప్పుడు మొదట నన్నేదో తిడుతోందనుకున్నాను. పావుగంటలో ఆవిడ సద్ది మూట విప్పి జొన్నరొట్టె ముక్క నా చేతిలో పెట్టింది. మన వైపు రైల్లో ముందు కులం అడిగి, ఊరు అడిగి, అప్పుడు అరటిపండు ఇస్తాం. వీళ్ళు ముందు పెట్టి తర్వాత అడుగుతారు.

డోర్నకల్ జంక్షన్లో బండి చాలాసేపు ఆగింది. మెడకు తుండు చుట్టుకున్న ఒక ముసలాయన కిటికీ దగ్గరకొచ్చి గ్లాసు అందించాడు. అందులో సగమే టీ ఉంది. మన దగ్గర గ్లాసు నిండా పోస్తారు పెద్దాయనా అన్నాను. "మీ ఆంధ్రల కొలిచి తాగుతరా సారూ? మా తాన రుచి చూసి తాగుతరు" అన్నాడు. తాగాను. నిజమే, పాలు ఎర్రగా మరిగి అంత చిక్కగా ఉంటే సగం చాలు. ఆయన పేరు ముత్తయ్య. అప్పటికి నాకు ఆయనతో అవసరం పడుతుందని తెలియదు కాబట్టి గ్లాసు ఇచ్చేసి కిటికీ దించుకున్నాను.

కొత్తవాడ: కోళ్ళను దింపిన తర్వాత

కొత్తవాడ వీధుల్లో నడవాలంటే తల వంచాలి. ఒక ఇంటి నుంచి ఎదురింటికి తాళ్ళు కట్టి రంగులద్దిన నూలు ఆరేసి ఉంటుంది. ఎరుపు, పచ్చ, నీలం. ఇంకా తడిగా ఉన్న ఒక ఎర్ర పోగు నా తెల్లచొక్కా భుజం మీద సంతకం చేసింది. ఇప్పటికీ పోలేదు. ప్రతి ఇంట్లోంచీ మగ్గం చప్పుడే. మనవైపు చీరల మగ్గాల చప్పుడు విన్నాను గానీ, జంపఖానా మగ్గానిది మోటు దెబ్బ.

బండి గల ఇంటాయన దానియేలు. ముప్పై లోపు వయసు. అద్దకం షెడ్డులో పని. ఆ రోజు నీలం అద్దినట్టున్నారు, చేతులు మోచేతుల దాకా నీలంగా ఉన్నాయి. నమస్కారం పెడుతూ "చేతులు కలుపద్దు సార్, అంటుతది" అన్నాడు. ఇంట్లో వాళ్ళమ్మ మార్తమ్మ, అక్క రూతమ్మ. తండ్రి రైల్వేలో ఫిట్టరు, పోయి నాలుగైదేళ్ళయింది.

పెరట్లో వేపచెట్టు కింద ఉంది బండి. లేత నీలం రంగు వెలిసిపోయింది. లోపల కోళ్ళు ఉన్నాయి. మార్తమ్మ చేట పట్టుకుని ఒక్కొక్కదాన్నే బయటికి తోలింది. కోళ్ళు కూర్చోవడానికి లోపల నేల మీదున్న రెండు ఇనప కొక్కేల మధ్య ఒక కర్ర అడ్డంగా పెట్టారు. కర్ర తీసేసి, నీళ్ళు కొట్టి, నేను చొక్కా చేతులు మడిచాను.

చూస్తున్నకొద్దీ నాకు చిర్రెత్తుకొచ్చింది. జర్మనీ బుడగ బండికి తలుపు ముందుంటుంది, దీనికి పక్కన ఉంది. అదీ తెరుచుకునే తలుపు కాదు, వెనక్కి జారే తలుపు. ఇంగ్లండువాళ్ళ మూడు చక్రాల సంసారపు బండి ఉంది గానీ దాని ఇంజను ముందుంటుంది. బెంగుళూరులో ఈ మధ్య చేసిన బండి ఒకటుంది గానీ అందులో ముగ్గురు నలుగురు పడతారు. దీంట్లో సీటు ఒక్కటే, అదీ ఒక పక్కకు. రెండో పక్క ఉత్త నేల. సీటు ఊడబీకారా అంటే బోల్టు గుర్తులు లేవు. స్టీరింగు చక్రానికి బదులు మధ్యలోంచి లేచిన ఒక ఇనప కడ్డీ, దాని కొసన మెలితిప్పే పిడి. కింద చూస్తే రెండు పెడల్స్, అవి మాత్రం ఆటోరిక్షావి. అసలు పెడల్స్ ఎవడో దొంగ ఎత్తుకుపోయాడని తేల్చాను. గట్టిగానే తేల్చాను, దానియేలు తలాడించాడు.

"పేరు దొరికిందా సార్?" అని లోపలి నుంచి ఒక గొంతు అడిగింది.

గుమ్మంలో రూతమ్మ ఉంది. కింద చిన్న చక్రాలు బిగించిన పీట మీద కూర్చుని, చేతులతో నేలను నెట్టుకుంటూ వచ్చింది. ఏడాది పిల్లగా ఉన్నప్పుడు జ్వరం వచ్చి రెండు కాళ్ళూ పడిపోయాయట. రేపు చెప్తానన్నాను. "రేపు మంచిదే. మా కోళ్ళు రాత్రికి ఏడ పండాల్నో గది గూడ జర చెప్పుండ్రి" అంది. ఆ అమ్మాయి నోటికి భయపడాలని అప్పుడే అర్థమైంది.

మార్తమ్మ సర్వప్పిండి, ఎర్రగా కనిపించే మిరపకాయ

హోటల్లో తింటానంటే మార్తమ్మ ఒప్పుకోలేదు. బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు, ఉల్లిపాయ కలిపి గుండ్రటి గిన్నె లోపలి గోడలకు అద్ది, వేళ్ళతో చిల్లులు పెట్టి, నూనె పోసి, మూత పెట్టి కాల్చింది. సర్వప్పిండి అంటారు. పొయ్యి మీంచి గిన్నె దించి చల్లారాక తీస్తే అంచు కరకరా, మధ్య మెత్తగా. పక్కన పచ్చిపులుసు. మనం చారు కాచి కాచి దాని ఉసురు తీస్తాం, వీళ్ళు పొయ్యి మీద పెట్టనే పెట్టరు. ఎండలో అది తాగితే ప్రాణం లేచొచ్చింది.

పచ్చడి ఎర్రగా ఉంటే గుంటూరు వైపు వాణ్ణి, నాకేం భయం అని పెద్ద ముద్ద కలిపాను. కారమే లేదు. ఇక్కడ చపాటా అని బొద్దుగా ఉండే ఒక మిరపకాయ పండుతుంది. చూపుకు ఎరుపు, నాలుకకు సాధువు. నేను ఉఫ్ అనడానికి సిద్ధమై నోరు తెరిచిన సంగతి రూతమ్మ చూసేసింది.

ఆ భోజనాల దగ్గరే అసలు విషయం తెలిసింది. రూతమ్మ టీచర్ ట్రైనింగ్ పాసైంది. దానియేలు సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని పరీక్షలన్నిటికీ తిప్పాడు. హనుమకొండలో ఒక ఆడపిల్లల బడిలో చోటుంది. హెడ్మిస్ట్రెస్ మంచావిడే. కాకపోతే బడి తెరిచేనాటికి ఎవరి మీదా ఆధారపడకుండా రోజూ తనంతట తాను రాగలిగితేనే ఉద్యోగం, లేకపోతే వేరే ఆవిణ్ణి తీసుకుంటానని చెప్పేసింది. దానియేలు షెడ్డుకు తెల్లవారేసరికి పోవాలి, బడికి దింపలేడు. రోజూ రిక్షా అంటే జీతం రిక్షాకే సరి. అందుకని ఈ బండి అమ్మి, ఆ డబ్బుతో అక్కకు చేతులతో తిప్పే మూడు చక్రాల సైకిలు కొనాలని వాడి ఆలోచన. హనుమకొండ దాకా ఆ ఎత్తుపల్లాల్లో ఎండనక, వాననక అది తిప్పుకుంటూ పోతే బడి చేరేసరికి చేతులు పడిపోతాయి. ఆ సంగతి అందరికీ తెలుసు.

"మంచి పేరున్న బండైతే మంచి ధర వస్తది గదా సార్?" అని దానియేలు అడిగాడు. వస్తుందన్నాను. మా సుబ్బారావు డబ్బుకు ఒక మంచి గతి పట్టబోతోందని మనసులో సంతోషపడ్డాను కూడా.

మరి ఇన్నాళ్ళూ ఈ బండి ఎందుకు పనికొచ్చిందంటే, కోళ్ళకు, క్రిస్మస్‌కు. పండుగ ముందు రోజుల్లో చర్చి కుర్రాళ్ళు దీని మీద వెదురు నక్షత్రం కట్టి, లోపల దీపం పెట్టి, పాటలు పాడుకుంటూ ఇల్లిల్లూ నెట్టుకుపోతారట.

మండీ బజార్: ఖాదర్ భాయ్ పెడల్స్

మర్నాడు ఆ ఆటోరిక్షా పెడల్స్ పెట్టినవాణ్ణి వెతుక్కుంటూ వెళ్ళాను. మండీ బజార్లో చిన్న షెడ్డు. ఖాదర్ భాయ్ చాయ్ తెప్పించి, ఉప్పు బిస్కెట్లు తెప్పించి, అప్పుడు కూర్చోమన్నాడు. పెడల్స్ సంగతి ఎత్తగానే ఛాతీ విరిచాడు. దానియేలు నాన్న బండి తెచ్చినప్పుడు అందులో పెడల్సే లేవట. "పెడల్ లేకుంట బండి ఏంది సాబ్? బ్రేక్ కోసమని పక్కకు ఒక పొడుగు కడ్డీ ఉండె. గది తీసేసి, వైరు తెచ్చి పెడల్‌కు కలిపిన. క్లచ్ సుత చేతికుండె, కాలికి పెట్టిన. చేసినోడు మరిచిపోయిండు, నేను సరిచేసిన" అన్నాడు.

సరిచేశాక బండి సగం వీధి పోయి, బ్రేకు బిగుసుకుపోయి ఆగిందట. బిగుసుకున్న బ్రేకు వదిలించారు గానీ, మళ్ళీ ఎవరైనా నెడితే తప్ప కదల్లేదు. అసలు పెడల్సే లేవంటే నా దొంగ సిద్ధాంతం గాలికి కొట్టుకుపోయినట్టే. అయినా నేను బెదరలేదు. తీసేసిన కడ్డీలు ఉన్నాయా అంటే పాత ఇనుము గుట్టలో చెయ్యి పెట్టి వెతికి తెచ్చాడు. మెకానిక్కన్నవాడు దేన్నీ పారెయ్యడు, ఆ ఒక్క విషయంలో బెజవాడా వరంగలూ ఒకటే.

సాయంత్రం రూతమ్మ మళ్ళీ అడిగింది. "పేరు దొరక్కపోతే మీరు బెజవాడ పోరంట గదా. ఇగ ఈడ్నే ఉండుండ్రి, కోళ్ళకు తోడు." బండి ఎక్కడి నుంచి వచ్చిందని దానియేలుని అడిగాను. డోర్నకల్‌లో ఒక దొర పోయాక ఆయన బంగళా సామాను వేలం వేస్తే బాపు, అంటే వాళ్ళ నాన్న, కొని లారీలో తెచ్చాడన్నాడు. దొరంటే వీళ్ళకు ఊరేలే భూస్వామీ దొరే, తెల్లవాడూ దొరే.

మళ్ళీ డోర్నకల్: దేవుని దగ్గర కూడా

దానియేలు ఒక పూట సెలవు పెట్టాడు. ఇద్దరం పొద్దుటి బండికి వెళ్ళాం. నీలం బండి దొర అని ఎవర్నడిగినా ముత్తయ్యను అడగమన్నారు. ప్లాట్‌ఫారం మీద నన్ను చూసి "కొలిచి తాగే సారొచ్చిండు" అన్నాడు.

ఆ దొర యుద్ధం తర్వాత ఎక్కడి నుంచో వచ్చి లైన్లకు దూరంగా బంగళా కొనుక్కున్నాడు. ఒంటరివాడు, ఒక వంటవాడు మాత్రం తోడు. కొన్నేళ్ళకు చెల్లెలు ఇంగ్లండు నుంచి ఓడలో ఈ బండి పంపింది. రోజూ సాయంత్రం స్టేషన్ దాకా వచ్చేవాడు, పేపరు కోసం, చాయ్ కోసం. బండి ఆపి హారన్ కొడితే ముత్తయ్య గ్లాసు పట్టుకుని పోవాలి. పేపరు కొట్టువాడు పోవాలి. స్టేషన్ మాస్టరుతో మాట్లాడాలన్నా మాస్టరే బయటికి రావాలి.

"ఒక్కనాడు సుత దిగలే సారూ" అన్నాడు ముత్తయ్య. "పండుగనాడు చర్చి కిటికీ పక్కకు కారు ఆపుకోని అండ్లనే కూసోని పాటలు ఇనేది. దేవుని కాడ దిగనోడు నా కాడ దిగుతడా? బండి దిగని దొర అని పేరు పెట్టుకున్నం."

నేను నవ్వాను. మన వైపు అలాంటి గర్విష్ఠి మనిషిని ఎవడో ఒకడు మొహం మీదే ఒక మాట అనేసేవాడు. ఇక్కడివాళ్ళు తరాల తరబడి దొరలను చూసినవాళ్ళు. దొర గుర్రం దిగడు, మేనా దిగడు, జీపు దిగడు. ఎదుటివాడే చెప్పులు విప్పి దగ్గరకు పోవాలి. కాబట్టి ఈ దొర కారు దిగకపోతే ఎవరికీ వింత కాలేదు. తిట్టుకున్నారు గానీ ఎందుకని అడగలేదు.

ఇంకా చెప్పాడు ముత్తయ్య. నడి ఎండాకాలంలో కూడా ఒడిలో కంబళి కప్పుకుని ఉండేవాడట. తెల్లోళ్ళకు చలి ఎక్కువేమో అనుకున్నారట. నేనూ దానియేలూ పగలబడి నవ్వాం. బండి పేరు మాత్రం ఆయనకూ తెలియదు. తిరుగు రైల్లో మొదటిసారి నాకు కాస్త గుబులు పుట్టింది. పేరు తేలకపోతే సుబ్బారావు కొనడు, సుబ్బారావు కొనకపోతే పాత ఇనుము ధరే గతి. నన్ను పదిమంది నవ్వుతారన్న సంగతి ఆ తర్వాత గుర్తొచ్చింది.

వేపచెట్టు కింద

ఇక మిగిలింది ఫొటో. బొమ్మ తీసుకెళ్ళి మద్రాసులో నాకంటే పెద్దవాళ్ళు ఉంటే (ఉన్నారని నేను ఒప్పుకోను) చూపిద్దామనుకున్నాను. మనిషి కూర్చుంటే బండి ఎంత పెద్దదో తెలుస్తుంది. కూర్చోమని దానియేలుని అడిగాను. మోకాళ్ళు అడ్డం వచ్చి సగంలో ఇరుక్కున్నాడు. నేను ప్రయత్నించాను, నా పొట్ట సంగతి చెప్పను.

"మా అక్క కూసుంటది సార్" అన్నాడు దానియేలు. "క్రిస్మస్‌కు ఏటా ఆమెనే గదా కూసునేది. ఇల్లిల్లూ నడవలేదు గదా, గిండ్ల కూసుండవెట్టి నెడుతరు."

రూతమ్మ పీట నెట్టుకుంటూ వచ్చింది. వాళ్ళమ్మ పీటను ఒక స్టూలు మీదికి ఎత్తి బండి పక్కన పెట్టింది. నేను కెమెరా కన్నంలోంచి చూస్తున్నాను. రూతమ్మ ఎడం చేత్తో తలుపును వెనక్కి నెట్టింది. తలుపు బయటికి తెరుచుకునేదైతే పీట వెనక్కి జరగాల్సి వచ్చేది. ఇది అడ్డం రాలేదు. బండి నేల ఎత్తూ, సీటు ఎత్తూ సరిగ్గా ఆమె ఉన్న ఎత్తులోనే ఉన్నాయి. పైన ఉన్న ఒక ఇనప పిడి పట్టుకుని, ఒక్క ఊపుతో, ఎవరి సాయం లేకుండా సీట్లోకి జారింది. కాళ్ళను చేతులతో లోపలికి సర్దుకుంది. తర్వాత పీటను లాగి పక్కనున్న ఖాళీ నేల మీద, ఆ రెండు కొక్కేల మధ్య పెట్టుకుంది. సరిగ్గా పట్టింది. రెండు చేతులూ కడ్డీ పిడి మీదికి వెళ్ళాయి.

నేను కెమెరా దించేశాను.

ఆ ఖాళీ నేల సీటు ఊడిపోయిన చోటు కాదు, చక్రాల కుర్చీ మడిచి పెట్టుకునే చోటు. కొక్కేలు ఆ కుర్చీని పట్టుకోవడానికి. జారే తలుపు కుర్చీలోంచి ఎక్కడానికి. పెడల్స్ ఎవడూ దొంగిలించలేదు, ఎవడూ మరిచిపోలేదు. యాక్సిలరేటరు చేతికి, బ్రేకు చేతికి, క్లచ్ చేతికి, ఇంజను స్టార్టు చేసే మీట కూడా చేతికే. యుద్ధంలో కాళ్ళు పోయినవాళ్ళ కోసం ఇంగ్లండులో ఇలాంటి బండ్లు చేశారని ఎప్పుడో ఒక మోటారు పత్రికలో చదివాను. బొమ్మ చూసిన గుర్తు లేదు. బండి పేరు కోసం మూడు రోజులు వెతికాను. ఎవరి కోసం చేశారన్న ప్రశ్న నాకు రానే లేదు.

అదే ఊపులో రెండోది తట్టింది. కంబళి. హారన్. చర్చి కిటికీ. డోర్నకల్ దొర దిగకపోవడం కాదు, దిగలేకపోయాడు.

ఇదంతా గట్టిగా చెప్పాను. మొదట ఎవరికీ అర్థం కాలేదు. ధర తగ్గించడానికి ఇలా చెబుతున్నానేమో అన్నట్టు దానియేలు అనుమానంగా చూశాడు. దీనికి ధర లేదు, దీన్ని అమ్మకూడదు, మీ అక్క సైకిలు కోసం మీ అక్క బండినే అమ్మబోతున్నావయ్యా అని కేకలేశాను. నాకు కోపం వచ్చినప్పుడు గొంతు లేస్తుంది, ఎవరి మీద కోపమో అప్పుడు నాకే తెలియదు. దానియేలు తన నీలం చేతులు చూసుకుంటూ నిలబడ్డాడు. తర్వాత మొహం తిప్పుకుని ఏడ్చాడు.

మార్తమ్మ మాత్రం భయపడింది. "నడవరాని పిల్ల, మోటర్ నడుపుతదా బిడ్డా?" అని నన్నడిగింది. అలాంటివాళ్ళ కోసమే చేశారమ్మా, మేమిద్దరం ప్రయత్నించి కూర్చోనైనా కూర్చోలేకపోయాం చూశారుగా అన్నాను.

రూతమ్మ ఇంకా సీట్లోనే ఉంది. పిడి వదల్లేదు. చివరికి దొర గురించి అడిగింది. ముత్తయ్య చెప్పిందంతా చెప్పాను, చర్చి కిటికీ సంగతి కూడా.

"చెప్పుకోలేకపోయిండు" అంది. "జాలి పడుడు కన్న గర్వమనుకునుడే నయమనుకున్నడు. నేను సుత బడిల ఆటల పీరియడ్ల నాకు ఆటలంటే ఇష్టం లేదని చెప్పేదాన్ని." పిడి మీంచి చెయ్యి తీసి, "మీ రైలు డోర్నకల్‌ల ఆగుతది గదా. ఆ చాయ్ తాతకు చెప్పిపోండ్రి" అంది. చెప్తానని మాటిచ్చాను.

హనుమకొండ: ఒక కోడి ప్రయాణం

రెండు రోజులు ఖాదర్ భాయ్, నేను ఆ పెరట్లోనే ఉన్నాం. పెడల్స్ పెట్టినప్పుడు ఎంత గర్వపడ్డాడో తీసేటప్పుడూ అంతే గర్వపడ్డాడు. ఇంజను రెండు స్ట్రోకులది, స్కూటరు సామానుతో చాలావరకు సర్దుకుంది. కడ్డీలు తిరిగి వాటి చోట్లలో కూర్చున్నాయి. మూడో లాగుకు ఇంజను అందుకున్నప్పుడు పొగకు కోళ్ళు గోడెక్కాయి. సందంతా వచ్చి నిలబడింది. మగ్గాల చప్పుడు ఆగిపోయి కొత్తవాడ అంత నిశ్శబ్దంగా ఉండటం ఆ ఒక్కసారే విన్నాను.

సుబ్బారావుకు ట్రంక్ కాల్ చేసి, అమ్మరు, నేను అమ్మనివ్వను అన్నాను. రైలు ఛార్జీలు కూడా ఇవ్వనన్నాడు. ఉంచుకోమన్నాను. కాసేపటికి, ఫొటో అయినా తీసుకురా అన్నాడు.

నేర్చుకునేవాళ్ళకిచ్చే లైసెన్సు తీసుకున్నాం, బడి తెరిచేలోపు అసలుది ఇస్తామన్నారు. అవిటివాళ్ళ బండికి మన చట్టంలోనే వేరే తరగతి ఉంది, ఆఫీసులో నేను చెప్తే గానీ వాళ్ళు పుస్తకం తిరగేయలేదు. తర్వాత బడికి బయల్దేరాం. రూతమ్మ నడుపుతోంది, కుర్చీ చోట్లో నేను గొంతుక్కూర్చున్నాను, ఖాదర్ భాయ్ స్కూటరు మీద పక్కన. మొదటి మలుపులో నన్ను తలుపుకు కొట్టింది. రెండో మలుపుకు పిడి ఆమె మాట వింది. ఎత్తు ఎక్కేటప్పుడు నేను ఊపిరి బిగబట్టాను, బండి గొణుక్కుంటూ ఎక్కేసింది. రూతమ్మ మొహం చూశాను. నవ్వడం లేదు, రోడ్డు చూస్తోంది. పుట్టినప్పట్నుంచీ ఇంకొకరి వెనక కూర్చునే ప్రయాణం చేసిన మనిషి, ముందు ఎవరూ అడ్డం లేకుండా రోడ్డు చూడటం అదే మొదటిసారి.

బడి గేటు దగ్గర ఆపి హారన్ కొట్టింది. హెడ్మిస్ట్రెస్ బయటికొచ్చారు. తలుపు వెనక్కి జరగగానే ముందుగా సీటు కిందినుంచి ఒక నల్లకోడి దిగి ఆవిడ కాళ్ళ మధ్యనుంచి బడిలోకి పోయింది. అంత దూరం మాతో వచ్చిందని మాకెవరికీ తెలియదు.

"నమస్తే మేడం. నేను దిగాలంటే పీట కావాలె, గది ఇయ్యాల ఇంట్ల ఉన్నది, గందుకే మిమ్ముల బయటికి పిలిచిన" అంది రూతమ్మ, ఏ సంకోచమూ లేకుండా. ఆవిడ బండి చుట్టూ తిరిగారు. వానొస్తే ఎలా అన్నారు. డోర్ మూసుకుంటానంది. ఒంటరిగా వస్తావా అన్నారు. ఈ సారు రేపు బెజవాడ పోతారు, ఇంకెవరున్నారు నాకు అంది. హెడ్మిస్ట్రెస్ నవ్వి, మొదటి తరగతి గది మెట్లు లేని వైపుకు మార్పిస్తానన్నారు. ఉద్యోగం ఖాయమైందని నాకు అప్పుడు తెలిసింది. కోడిని పట్టుకోవడానికి మాత్రం అరగంట పట్టింది.

ఇంకోసారి డోర్నకల్

తిరుగు ప్రయాణంలో నా సంచీలో మార్తమ్మ కట్టిచ్చిన సర్వప్పిండి, దానియేలు ఇచ్చిన ఒక చిన్న జంపఖానా. బండి కంపెనీ పేరు ఇప్పటికీ తేలలేదు, బానెట్ మీది బిళ్ళ ఎప్పుడో ఊడిపోయింది. అయినా బెజవాడలో ధైర్యంగా దిగాను. ఎవరైనా అడిగితే అది రూతమ్మ బండి అని చెబుతున్నాను.

డోర్నకల్‌లో ముత్తయ్య గ్లాసుతో కిటికీ దగ్గరకొచ్చాడు. చెప్పాను. ఆయన వింటున్నంతసేపూ గ్లాసు చేతిలోనే ఉంది, నాకివ్వడం మరిచిపోయాడు.

"గా కంబలి..." అన్నాడు. పక్క కిటికీవాళ్ళు చాయ్ చాయ్ అని పిలుస్తున్నా వినిపించుకోలేదు.

"రోజూ తీస్కపోయి ఇచ్చిన సారూ. లోపల తిట్టుకుంటనే ఇచ్చిన. గ్లాసు అందుకుంటప్పుడు ఆయన థాంక్యూ అని నవ్వేది. గది గూడ గర్వమే అనుకున్న."

రైలు కూత వేసింది. గ్లాసు అందించాడు. చూస్తే అంచు దాకా ఉంది, పట్టుకుంటే వేళ్ళ మీద ఒలికింది. డబ్బులివ్వబోతే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. బండి కదులుతుంటే రెండడుగులు పక్కనే నడిచి అడిగాడు.

"ఆ పిల్ల ఎన్నడన్న ఈడిదాక ఆ బండిల వస్తదా?"

రావచ్చన్నాను. ఆ అమ్మాయి ఎక్కడికైనా వస్తుందన్నాను.

"వస్తే దిగొద్దని చెప్పు సారూ. హారన్ గొడితె సాలు. చాయ్ నేనే తెస్త."